మూడు వైపులే కంచె: నైరోబీలో అక్టోబరు

కెన్యా వెళ్లొచ్చిన మనవాళ్లలో చాలామందికి నైరోబీ అంటే విమానం దిగిన ఊరు, అంతే. రాత్రి దిగుతారు, ఏదో హోటల్లో నడుం వాలుస్తారు, తెల్లారగానే జీపెక్కి జంతువుల అభయారణ్యం మసాయి మారా దారి పడతారు. ట్రావెల్స్ వాళ్లిచ్చే కాగితంలో కూడా 'రాత్రి బస నైరోబీ' అని ఒక్క ముక్కే ఉంటుంది. మారా గొప్పదే, కాదనను. కానీ నడిబొడ్డు నుంచి ఏడు కిలోమీటర్లు పోతే సింహాలు తిరిగే నేషనల్ పార్కు ఉన్న రాజధానిని వెయిటింగ్ రూములా వాడుకోవడానికి నాకు మనసొప్పలేదు. మా చిన్నాన్న కొడుకు అక్కడ మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు కాబట్టి బసకు ఇబ్బంది లేదు. "మారా చూడకుండా ఊళ్లోనే కూర్చుని ఏం చేస్తావక్కా, బోర్ కొడుతుంది" అన్నాడు ఫోన్లో. వాడు వెళ్లి ఐదేళ్లయినా ఊళ్లో సగం చూడలేదని తర్వాత తెలిసింది.

శుక్రవారం

ముంబై నుంచి ఆరు గంటల ప్రయాణం. గడియారం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి కాబట్టి దిగేసరికి ఇంకా బోలెడు పగలు మిగిలే ఉంది. భూమధ్యరేఖ పక్కనే ఉన్న ఊరు కదా, చెమటలు కారిపోతాయేమో అనుకునేవాళ్లకు ఒక మాట: నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. మన అరకు కన్నా చాలా ఎత్తు. తమ్ముడి ఇంట్లో ఫ్యానే లేదు. సాయంత్రమైతే స్వెట్టరు కావాలి.

ఎయిర్‌పోర్టు మీదుగా వెస్ట్‌ల్యాండ్స్ దాకా కొత్త ఎక్స్‌ప్రెస్‌వే ఉంది. 27 కిలోమీటర్లు, 2022లో తెరిచారు. కట్టింది చైనా కంపెనీ, టోలు వసూలు చేసుకునేదీ అదే. అయినా తమ్ముడు కింద ఉన్న పాత మొంబాసా రోడ్డునే పట్టాడు. "పైనుంచి పోతే తొందరగా పోతాం గానీ నీకొకటి చూపించాలి" అన్నాడు. న్యాయో స్టేడియం కూడలి దగ్గర ట్రాఫిక్ ఎలాగూ ఆగిపోతుంది. అక్కడ తుమ్మ జాతి చెట్ల మీద మనిషి ఛాతీ ఎత్తు కొంగలు కాపురం ఉంటున్నాయి. బట్టతల, మెడ కింద వేలాడే ఎర్రటి సంచి, నల్లకోటు తొడుక్కున్నట్టు రెక్కలు. మారబూ కొంగలట. చెత్తకుప్పలూ, కబేళాల దగ్గర పారేసినవీ తిని బతుకుతాయి. అందంలో చివరి ర్యాంకు వాటిదే. కానీ నాలుగు వరసల ట్రాఫిక్ మీద, హారన్ల మోతలో, గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటున్నాయి. ఆ చెట్ల కింద కారు ఆగిపోయినవాడి సంగతి మాత్రం చెప్పక్కర్లేదు. అద్దాలన్నీ తెల్లబడతాయి.

అక్టోబరు జకరాండా చెట్లు పూసే కాలం. వలస పాలన రోజుల్లో దక్షిణ అమెరికా నుంచి తెచ్చి నాటిన చెట్లు ఇవి. వీధి వీధంతా ఊదారంగు. పార్క్‌లాండ్స్ చేరేసరికి చీకటి పడింది. గుజరాతీలు ఎక్కువగా ఉండే పేట కాబట్టి కరివేపాకు, మునక్కాడలతో సహా అన్నీ దొరుకుతాయని మరదలు చెప్పింది. రాత్రి భోజనాల దగ్గర కబురంతా సినిమాదే. 2025 సెప్టెంబరులో రాజమౌళి మహేశ్ బాబు సినిమా షూటింగ్‌కి కెన్యా వచ్చినప్పుడు ఇక్కడి మంత్రి ముసాలియా ముదవాది ఆయన్ని కలిసి ఫొటోలు పెట్టారు. ఆ ఫొటోలు నాకు ఇంట్లో ఇద్దరూ విడివిడిగా చూపించారు.

శనివారం

నేషనల్ పార్కు గేటు ఆరింటికి తెరుస్తారు. ఆ టైముకే అక్కడ ఉండాలి. ఎండెక్కితే సింహాలు నీడ చూసుకుని పడుకుంటాయి. టికెట్ ప్రభుత్వ ఈ-సిటిజన్ పోర్టల్‌లో ముందే కొనాలి, గేటు దగ్గర నగదు తీసుకోరు. విదేశీయులకు రేటు స్థానికులకన్నా ఎన్నో రెట్లు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు లోపలికి తేకూడదు, 2020 నుంచి ఇది నియమం. నా స్టీలు బాటిల్ చూసి డ్రైవరు మెచ్చుకున్నాడు.

మొత్తం 117 చదరపు కిలోమీటర్లు. మారాతో పోలిస్తే చిన్నదే. గేటు దగ్గర కాస్త అడవి, ఆ తర్వాత అంతా పచ్చికబయలు. పావుగంటలోపే చీమలపుట్ట మీదెక్కి కావలి కాస్తున్న కొంగోని జింక కనిపించింది. ఆ వెనకే జీబ్రాలు, ఇంపాలాలు, బురద పూసుకున్న అడవిదున్నలు, ఒంటరి నిప్పుకోడి. జిరాఫీల వెనక నగరపు టవర్లు వచ్చేలా ఫొటో తీసుకోవడం ఇక్కడి ఆనవాయితీ, నేనూ తీసుకున్నాను. అయితే నన్ను పట్టేసింది ఆ బొమ్మ కాదు, చప్పుడు. పార్కు పక్కనే విల్సన్ ఎయిర్‌పోర్టు. నిమిషానికో చిన్న విమానం తల మీదుగా బుర్రుమంటూ దిగుతుంటుంది. ఇంకోవైపు నుంచి లారీల గేర్లు మారే మోత. ఆ మోతలోనే జీబ్రా పిల్ల తల్లి పొదుగు వెతుక్కుంటోంది.

ఏడున్నరకు డ్రైవరు ఫోనులో ఏదో మెసేజ్ వచ్చింది, బండి గిర్రున తిప్పాడు. మట్టిరోడ్డు మీద ఆడసింహం. చుట్టూ అప్పటికే ఐదారు వ్యాన్లు. ఎవరినీ లెక్కచేయకుండా లేచి మా వ్యాను పక్కనుంచే నడిచిపోయింది. కుడిచెవి అంచు చినిగి ఉంది. కళ్ల చుట్టూ ఈగలు. కడుపు ఇటూ అటూ ఊగుతోంది, రాత్రి బాగానే తిన్నట్టుంది. ముందుకాళ్ల మోచేతుల దగ్గర బొచ్చు అరిగిపోయి నల్లటి కాయలు కాచాయి. టీవీలో ఎన్నిసార్లు చూసినా ఆ కాయలు నాకు ఎప్పుడూ కనపడలేదు.

ఈ పార్కు పుట్టిన కథ తమాషాగా ఉంటుంది. నైరోబీలోనే పుట్టిన మెర్విన్ కవీ అనే తెల్లాయన 1930లలో జంతువులకోసం రక్షిత ప్రాంతం కావాలని మొత్తుకుంటుంటే ప్రభుత్వం పట్టించుకోలేదు. దాంతో ఆయన 'పాత సెట్లర్' అనే మారుపేరుతో పత్రికకు ఉత్తరం రాశాడు: ఈ జంతువులన్నిటినీ కాల్చిపారేస్తే పీడా వదులుతుంది అని. చదివినవాళ్లు భగ్గుమన్నారు. ఆ వేడిమీద కదలిక వచ్చింది, 1946 డిసెంబరులో కెన్యా మొదటి నేషనల్ పార్కుగా దీన్ని ప్రకటించారు. ఎత్తు బాగానే పారింది. కానీ ఆ కథ చెప్పేవాళ్లు రెండో సగం చెప్పరు. అంతకుముందు ఆ పచ్చికలో ఆవుల్ని మేపుకుంటున్న మసాయిలను అక్కడినుంచి కదిలించారు. జంతువులూ వాళ్ల మందలూ అప్పటిదాకా ఒకే గడ్డి తిన్నాయి.

పార్కుకు మూడు వైపులే కంచె ఉంది. నగరంవైపు కరెంటు తీగలు. దక్షిణాన ఎంబగతీ నది, అది దాటితే కిటెంగెలా మైదానాలు. వానలు పడ్డాక జీబ్రాలు, విల్డ్‌బీస్ట్‌లనే పెద్ద జింకలు గడ్డికోసం ఆ దారినే బయటికి పోయి, ఎండాకాలం నీళ్లకోసం తిరిగొస్తాయి. వాటి వెనకాలే సింహాలు. అందుకే ఆ వైపు తెరిచి ఉంచారు. సమస్యంతా ఆ తెరిచిన వైపే. ఒకప్పుడు వేలకు వేలు కదిలిన విల్డ్‌బీస్ట్ మంద ఇప్పుడు చాలా పలచబడింది. కారణం అర్థం కావడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. నది ఒడ్డున బండి ఆపి అవతలి గట్టు మీద లేచిన ఇళ్లను చూపిస్తూ డ్రైవరు, "నేనూ అటువైపే ఫిఫ్టీ బై హండ్రెడ్ కొన్నాను" అన్నాడు. యాభై అడుగులు, వంద అడుగులు. మన లెక్కలో 555 గజాలు. వాయిదాలు కట్టేశాడు, ఇంకో రెండేళ్లలో ఇల్లు మొదలుపెడతాడట. పొద్దుట్నుంచి ఇరవై రకాల జంతువుల పేర్లు, ఏది ఎటు పోతుందో వాటి దారులు నాకు ప్రేమగా చెప్పింది కూడా ఇతనే. నైరోబీలో అద్దె కట్టలేక ఊరి బయట ప్లాటు కొనుక్కున్న మనిషిని ఏమనగలం? మన దగ్గర శంకరపల్లిలో కొన్నవాణ్ణి ఏమన్నా అన్నామా?

భూములు అమ్మకుండా, కంచె వేయకుండా ఉంచితే ఎకరాకు ఏడాదికి నాలుగు డాలర్లు ఇచ్చే పథకం ఒకటి 2000లో మొదలుపెట్టారు. కొన్ని కుటుంబాలు పిల్లల ఫీజులు దాంతోనే కట్టాయి. కానీ ప్లాటు రేటు ముందు నాలుగు డాలర్లు ఎంతకాలం నిలబడతాయి! ఇక రాత్రిపూట సింహాలు వచ్చి ఆవుల్ని ఎత్తుకుపోవడం. దీనికి మందు కనిపెట్టింది రిచర్డ్ టురేరే అనే మసాయి కుర్రాడు. అప్పటికి వాడికి పదకొండేళ్లు. మనిషి టార్చి పట్టుకుని తిరుగుతుంటే సింహం దగ్గరికి రావట్లేదని గమనించి, పాత కారు బ్యాటరీ, సోలార్ పలక, మోటార్‌సైకిల్ ఇండికేటర్ పెట్టె కలిపి, దొడ్డి చుట్టూ బల్బులు వంతులవారీగా వెలిగి ఆరేలా చేశాడు. సింహానికి మనిషి తిరుగుతున్నట్టే అనిపిస్తుంది. 'లయన్ లైట్స్' అంటారు, చుట్టుపక్కల చాలా దొడ్లలో పెట్టుకున్నారు. లైట్లు లేనిచోట కథ వేరేగా ముగుస్తుంది. 2016 మార్చిలో పార్కు దాటి కజియాడో దాకా వెళ్లిపోయిన మోహాక్ అనే సింహాన్ని, గుమిగూడిన జనం మధ్య కాల్చి చంపాల్సి వచ్చింది.

తిరిగి వస్తుంటే పార్కు మధ్యలో ఆకాశానికి అడ్డంగా కాంక్రీటు స్తంభాలు. నైవాషా వైపు వెళ్లే స్టాండర్డ్ గేజ్ రైలు వంతెన, పార్కు మీదుగానే సుమారు ఆరు కిలోమీటర్లు. 2019లో రైలు తిరగడం మొదలైంది. పర్యావరణవాదులు కేసులు వేశారు, రోడ్డెక్కారు, అయినా వంతెన లేచింది. కింద నుంచి జిరాఫీ పోయేంత ఎత్తు పెట్టామని కట్టినవాళ్ల వాదన. నిజమే, ఆ నీడలో ఇంపాలాలు మేస్తున్నాయి. నాకు మాత్రం కంటికి అది ఎప్పటికీ అతకదు.

చివర్లో దంతాలు కాల్చిన చోటు. 1989 జులైలో అధ్యక్షుడు మోయి 12 టన్నుల ఏనుగు దంతాలకు ఇక్కడే నిప్పు పెట్టారు. 2016 ఏప్రిల్ 30న అప్పటి అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా ఏకంగా 105 టన్నులు కాల్పించారు, ఖడ్గమృగాల కొమ్ములు అదనం. బూడిదకుప్పలు అలాగే ఉంచారు. ఈ పార్కులో అడవి ఏనుగులు లేవు, నల్ల ఖడ్గమృగాలు మాత్రం బాగా పెరిగాయి. మాకు ఒకటి దూరాన పొదల్లో వీపు మాత్రమే చూపించింది. పెరిగినవాటిని వేరే పార్కులకు పంపిస్తుంటారు. 2018లో నైరోబీ, నకురుల నుంచి త్సావో ఈస్ట్‌కి తరలించిన 11 నల్ల ఖడ్గమృగాలూ చనిపోయాయి. పదింటికి అక్కడి ఉప్పునీళ్లు పడలేదు, మిగిలిన ఒక్కదాని మీద సింహాలు దాడి చేశాయి. దేశం మొత్తం దుమ్మెత్తిపోసింది.

మధ్యాహ్నం హైకోర్టు పార్కింగులో శనివారం పెట్టే మసాయి మార్కెట్‌కి వెళ్లాం. పూసల దండలు, సిసల్ నార బుట్టలు, మసాయిలు ఒంటికి చుట్టుకునే ఎర్రగళ్ల షుకాలు. మూడో వంతు నుంచి బేరం మొదలుపెట్టమని మరదలు చెప్పింది. వెంటపడే దళారులు విసిగించారు. బుట్ట బాగుంది.

ఆదివారం

షెల్డ్రిక్ ట్రస్టు ఏనుగు పిల్లల ఆశ్రమంలో సందర్శకులను రోజుకు ఒక్క గంటే, పదకొండు నుంచి పన్నెండు దాకా, రానిస్తారు. తాడు కట్టిన ఎర్రమట్టి మైదానం చుట్టూ నిలబడ్డాం. ముందు ఆకుపచ్చ కోట్లు వేసుకున్న సంరక్షకులు పెద్దపెద్ద పాలసీసాలు పట్టుకొచ్చారు. తర్వాత పొదల్లోంచి ఒక్కొక్కటే పిల్లలు. నడిచి రావడం కాదు, పరుగు. చెవులు విప్పి, తొండం ఎత్తి, సీసా కనపడగానే తిన్నగా దాని మీదికే. ఒక పిల్ల సీసాను తొండంతో చుట్టి తనే పట్టుకుని తాగింది. గటగట రెండు గుక్కల్లో సగం ఖాళీ. నోటి చివర్ల నుంచి కారిన పాలు గడ్డం వెంట్రుకల మీద బొట్లుబొట్లుగా నిలిచాయి. ఖాళీ సీసాను ఇవ్వనని మొండికేస్తే సంరక్షకుడు దాని చెవి వెనక గోకుతూ మెల్లిగా లాక్కున్నాడు. ఆ తర్వాత బురదగుంట, దుమ్ము చల్లుకోవడం, ముందువరుసలో తెల్లచొక్కాలు వేసుకొచ్చినవాళ్ల పని పట్టడం.

దంతాల దొంగలు తల్లిని చంపినవి, బావుల్లో పడ్డవి, కరువులో తప్పిపోయినవి ఇక్కడికి చేరతాయి. ఈ సంస్థను డాఫ్నీ షెల్డ్రిక్ 1977లో చనిపోయిన భర్త డేవిడ్ జ్ఞాపకంగా పెట్టారు. ఏనుగు పిల్లకు ఆవుపాలు అరగవు, తాగిస్తే చచ్చిపోతుంది. ఏ పాలు పడతాయో తేల్చడానికి ఆవిడకు పాతికేళ్లకు పైగా పట్టింది, చివరకు కొబ్బరి కొవ్వు కలిసిన పాలపొడి దారి చూపింది. అలా బతికించుకున్న ఆయిషా అనే పిల్ల, ఆవిడ కూతురి పెళ్లికని కొన్నిరోజులు వెళ్లేసరికి బెంగపెట్టుకుని చనిపోయింది. అందుకే ఇప్పుడు ఏ పిల్లనూ ఒక్క మనిషికే అప్పగించరు. రాత్రిపూట సంరక్షకులు కొట్టంలో పక్క మంచం మీదే పడుకుంటారు, ఇవాళ పడుకున్నవాళ్లు రేపు మారతారు. మూడేళ్లు దాటాక త్సావో వైపు పంపి మెల్లిగా అడవి మందల్లో కలుపుతారు. డాఫ్నీ 2018లో పోయారు, కూతురు ఆంజెలా నడుపుతున్నారు.

జిరాఫీ సెంటరు లాంగాటాలో దగ్గరే. మోకాళ్ల కింద తెల్లమేజోళ్లు తొడుక్కున్నట్టుండే రోత్‌చైల్డ్ జాతి. 1970లలో కెన్యాలో ఇవి సుమారు 130 మాత్రమే మిగిలాయని, లెస్లీ-మెల్విల్ దంపతులు ఒక పిల్లను తెచ్చి ఇంట్లో పెంచడంతో మొదలైన పని ఇది. ఎత్తు అరుగు మీద నిలబడి చేత్తో దాణా గుళికలు పెట్టొచ్చు. జానెడున్నర నల్లటి నాలుక చేతిని గరగరా చుట్టేస్తుంది. నిజం చెప్పాలంటే ఇది కాస్త తిరనాళ్ల వ్యవహారం. పిల్లలుంటే వెళ్లండి. ఏనుగుల దగ్గర నుంచి వచ్చిన కళ్లకు నాకు ఇది ఆనలేదు.

మధ్యాహ్నం న్యామా చోమా తిన్నాం. దుకాణం ముందు వేలాడుతున్న మేకమాంసంలో మనకు కావలసిన ముక్క చూపించి కిలోల్లో తూయించుకోవాలి, బొగ్గుల మీద గంటకు పైగా కాలుస్తారు. మసాలా లేదు, నూనె లేదు. కాలిన తొడను మన టేబుల్ దగ్గరికే చెక్కపలక మీద తెచ్చి, చకచకా ముక్కలు కొట్టి, పలక మూలన గుప్పెడు ఉప్పు పోసి వెళ్లిపోతాడు. ముక్కను ఉప్పులో అద్దుకుని తినడమే. పక్కన ఉల్లి, టమాటా కలిపిన కచుంబరి, సుకుమా వికీ అనే ఆకుకూర, ఉగాలి. ఉగాలి అంటే తెల్ల మొక్కజొన్న పిండితో చేసిన గట్టి సంకటి, రాయలసీమవాళ్లకు నేర్పక్కర్లేదు. చపాతీ కూడా అడిగితే ఇస్తారు. ఒకప్పుడు మనవాళ్లు తెచ్చిన చపాతీ ఇప్పుడు కెన్యా ఇళ్లలో పండగ వంట. తమ్ముడు బీరు తెప్పించుకున్నాడు. దాని కథా జంతువుదే: కెన్యా బ్రూవరీస్ పెట్టిన అన్నదమ్ముల్లో జార్జ్ హర్స్ట్‌ను 1923లో వేటలో ఏనుగు చంపేసింది. ఆ తర్వాత వచ్చిన బీరుకు టస్కర్, అంటే దంతాల ఏనుగు, అని పేరు, సీసా మీద ఏనుగు తల.

కిబేరా మురికివాడ టూరు ఉంది, రమ్మంటారా అని డ్రైవరు అడిగాడు. వద్దన్నాను. పొద్దున జంతువుల్ని చూసిన వ్యానులోంచి మధ్యాహ్నం మనుషుల ఇళ్లు చూడటం నావల్ల కాదు.

సోమవారం

"బ్యాగు ముందుకు వేసుకో, ఫోను రోడ్డు మీద తీయకు." తమ్ముడికి నేను మటాటూ ఎక్కుతానంటేనే టెన్షన్. కానీ మటాటూ ఎక్కకుండా నైరోబీ చూశాననడం అబద్ధం. ప్రైవేటు మినీబస్సులు ఇవి. బాగా ముస్తాబైనదాన్ని న్గన్యా అంటారు. నేనెక్కినదాని ఒంటినిండా ఒక ఫుట్‌బాల్ ఆటగాడి బొమ్మ, వెనక అద్దం మీద ఏదో ప్రవక్త మాట. లోపల సీలింగుకు నీలం లైట్లు, సీటు సీటుకూ మధ్య స్క్రీన్లు, కాళ్ల కింద స్పీకరు. పాట వినపడటం కాదు, పక్కటెముకల్లో కొడుతుంది. కండక్టరు తలుపుకు ఒంటిచేత్తో వేలాడుతూ, రెండో చేతి వేళ్ల మధ్య మడిచిన నోట్లతో, రేకు మీద దబదబా బాదితే బండి ఆగుతుంది, ఇంకోలా బాదితే కదులుతుంది. మాట్లాడేది షెంగ్, స్వాహిలీ ఇంగ్లిషు కలగలిసిన కుర్రకారు భాష. 2004లో మంత్రి జాన్ మిచూకి వీటికి ముక్కుతాడు వేశారు: సీటు బెల్టులు, వేగానికి కళ్లెం, బొమ్మలన్నీ చెరిపి పసుపు చార ఒక్కటే. బొమ్మల మీద ఆంక్ష 2014 చివర్లో ఉహురు కెన్యాట్టా ఎత్తేశారు, ఇది కుర్రాళ్ల ఉపాధి అని. ఊరి కుంచె మళ్లీ బతికింది.

టికెట్ డబ్బులు చాలామంది ఫోన్లోనే కొడుతున్నారు. మనం యూపీఐ అని గొప్పలు పోతాం గానీ ఇక్కడి ఫోను చెల్లింపుల సేవ ఎం-పెసా 2007 మార్చిలోనే మొదలైంది, మనకన్నా తొమ్మిదేళ్ల ముందు, అదీ మామూలు బటన్ల ఫోన్లలో. మొక్కజొన్న కంకి కాల్చే ఆవిడ దగ్గర కూడా డబ్బులు కొట్టే టిల్ నంబరు బోర్డుంది.

నేషనల్ ఆర్కైవ్స్ ముందు దిగాను. ఆ రాతి భవనం ఒకప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇండియా. లోపల మాజీ ఉపాధ్యక్షుడు జోసెఫ్ మురుంబీ పోగుచేసిన ఆఫ్రికా కళాఖండాలు ఉన్నాయి. ఆయన తండ్రి గోవా మనిషి, తల్లి మసాయి. బయట 1969లో ఈ దగ్గర్లోనే హత్యకు గురైన నాయకుడు టామ్ ఎంబోయా విగ్రహం. అక్కడినుంచి నడిచి జీవన్‌జీ గార్డెన్స్. కరాచీలో పుట్టిన వ్యాపారి ఎ.ఎం. జీవన్‌జీ 1906లో ఊరికి రాసిచ్చిన పార్కు ఇది. 1991లో ఇందులో పార్కింగ్ కాంప్లెక్సు కట్టబోతే ఆయన మనవరాలు జరీనా పటేల్ ఉద్యమం లేపి ఆపించారు. లంచ్ టైములో చూడాలి: ఒక చెట్టు కింద బైబిల్ బోధ, ఇంకో చెట్టు కింద ప్రభుత్వాన్ని ఉతికి ఆరేస్తున్న చర్చ, రెంటి మధ్యా బెంచీల మీద టై కట్టుకున్న గుమస్తాల కునుకు.

మనవాళ్ల పేర్లు ఇక్కడ అడుగడుగునా తగలడానికి కారణం రైలు. మొంబాసా నుంచి 1896లో మొదలైన ఉగాండా రైల్వే కోసం బ్రిటిష్ ఇండియా నుంచి సుమారు 32,000 మంది కూలీలను తెచ్చారు, ఎక్కువమంది పంజాబీలు. దాదాపు 2,500 మంది చనిపోయారు. 1899లో పట్టాలు ఇక్కడి చిత్తడి నేల దాకా వచ్చాయి, కొండ ఎక్కేముందు సామాన్లకు డిపో పెట్టారు. ఆ డిపోయే నైరోబీ. రైల్వే మ్యూజియంలో ఒక పాత రైలుపెట్టె ఉంది. 1900 జూన్‌లో కీమా స్టేషన్ దగ్గర మనుషుల్ని తినే సింహాన్ని కాల్చడానికి పోలీసు అధికారి రయాల్ ఈ పెట్టెలోనే కాపు కాశాడు. కునుకు పట్టింది. సింహం పెట్టెలోకి ఎక్కి ఆయన్ని కిటికీలోంచి లాక్కుపోయింది. ఆ కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఇంత చిన్న సందులోంచా అనిపించింది.

రైలు కట్టినవాళ్ల తర్వాతి తరంలో మఖన్ సింగ్ లాంటివాళ్లు వచ్చారు. కార్మిక సంఘాలు కట్టి, 1950 ఏప్రిల్‌లో కలొలేనీ హాల్లో తూర్పు ఆఫ్రికాకు సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని బహిరంగంగా అడిగారు, పదకొండేళ్లు నిర్బంధంలో ఉన్నారు. ఆసియా మూలాలవాళ్లను కెన్యా 44వ తెగగా గుర్తించింది 2017లో.

సాయంత్రం కేఐసీసీ అనే అంతర్జాతీయ సమావేశ కేంద్రం టవరు పైకెక్కాను. 1973లో కట్టిన గుండ్రటి భవనం, పైన హెలిప్యాడ్. కిందనే పార్లమెంటు. 2024 జూన్ 25న పన్నుల బిల్లు మీద మండిపడ్డ కుర్రకారు చొచ్చుకెళ్లింది ఆ గోడ దాటే. దక్షిణాన భవనాలు ఠక్కున ఆగిపోయి గడ్డిమైదానం మొదలయ్యే గీత స్పష్టంగా కనిపిస్తుంది. దిగేసరికి వాన. పొద్దున ఇచ్చిన ఛార్జీకి రెట్టింపు అడిగాడు కండక్టరు. అదేమిటంటే ఆకాశం వైపు చూపించాడు. వానొస్తే రేటు పెరగడం ఇక్కడ అందరికీ తెలిసిన రూలేనట.

మంగళవారం

కరూరా అడవి తమ్ముడి ఇంటికి పది నిమిషాలు. వెయ్యి హెక్టార్లకు పైనే, అంటే రెండున్నర వేల ఎకరాలు, ఊరి మధ్యలో. ఎర్రమట్టి బాటలు, వెదురు, చిన్న జలపాతం, బ్రిటిష్‌వాళ్ల మీద పోరాడిన మౌమౌ యోధులు దాక్కున్న గుహలు. సైక్స్ కోతులు, పొద్దున్నే పరుగెత్తేవాళ్లు, సైకిళ్లు అద్దెకు తీసుకున్న కాలేజీ పిల్లలు. తమ్ముడూ మరదలూ కూడా సెలవు పెట్టి వచ్చారు. మరదలు ఇక్కడికి రావడం ఇదే మొదలు. "వదినా, ఇంత దగ్గర్లో ఉందని నాకు ఎవరూ చెప్పలేదు" అంది. తమ్ముడు జలపాతం వైపు చూస్తూ నడిచాడు.

1990లలో ఈ అడవిని ముక్కలు చేసి పలుకుబడి ఉన్న బిల్డర్లకు పంచేశారు. పర్యావరణ ఉద్యమకారిణి వంగారీ మథాయి మొక్కలు పట్టుకుని వచ్చి గేటు ముందు నిలబడ్డారు. 1999 జనవరిలో మొక్క నాటబోతుంటే కిరాయి గూండాలు కొట్టి ఆవిడ తల పగలగొట్టారు. విద్యార్థులు రోడ్డెక్కారు, ఊరు అట్టుడికింది, ఆ ఏడాదే ప్రభుత్వ భూముల పంపకాన్ని మోయి ఆపేయాల్సి వచ్చింది. అంతకు పదేళ్ల ముందు ఉహురు పార్కులో 60 అంతస్తుల టవరును అడ్డుకున్నదీ ఆవిడే. 2004లో నోబెల్ శాంతి బహుమతి, ఆఫ్రికా మహిళల్లో మొదటిది. కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో రాత్రికి రాత్రి బుల్‌డోజర్లు తిరిగిన వీడియోలు 2025లో చూసినవాళ్లకు కరూరా బాటల్లో నడుస్తుంటే ఏమనిపిస్తుందో నేను రాయక్కర్లేదు.

నేషనల్ మ్యూజియం కూడా దారిలోదే. తుర్కానా బాలుడు అనే ఆదిమానవ పిల్లవాడి అస్థిపంజరం చూడటానికే వెళ్లాను. సుమారు 15 లక్షల ఏళ్ల నాటిది. 1984లో దీని మొదటి ముక్కను కనిపెట్టింది కమోయా కిమేయు, పెద్దగా బడికి వెళ్లని కెన్యా మనిషి. చిన్న ఎముక ముక్కను గులకరాళ్ల మధ్య పోల్చుకున్నాడు. బయట అహ్మద్ బొమ్మ ఉంది. దంతాలు నేలకు తాకేంత పెరిగిన మార్సబిట్ ఏనుగు అది. 1970లో దేశపు మొదటి అధ్యక్షుడు జోమో కెన్యాట్టా ఆదేశం ఇచ్చి తుపాకులతో కాపలా పెట్టించారు. 1974లో ముసలితనంతోనే పోయింది.

రాత్రి విమానం. వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవలసినవి రెండు మూడు. వీసా బదులు 2024 నుంచి ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ప్లాస్టిక్ సంచులు 2017 నుంచి నిషేధం, సూట్‌కేసులో పచ్చళ్లు చుట్టిన కవర్లు ఉంటే ముందే తీసేయండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. ఆ పసుపు కార్డు అడిగేది ఎక్కువగా తిరిగొచ్చినప్పుడు, మన ఎయిర్‌పోర్టులోనే. నా ముందున్న పెద్దాయన కార్డు ఇంట్లో మర్చిపోయి కొడుకుతో వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకునే ప్రయత్నంలో ఉన్నాడు, ఆఫీసరు అసలు కార్డే కావాలంటున్నాడు. ఇక ఏనుగు పిల్లల దగ్గర చోటు వారాల ముందే అయిపోతుంది. ముందు అది బుక్ చేసుకుని, ఆ తేదీని బట్టి విమానం చూసుకోండి.